బొబ్బిలి వీణ – వాయించినవారు, చేసినవారు

వీణావాదన రహస్యం తెలిసినవాడు, శ్రుతిభేదాలలో ఆరితేరినవాడు, తాళజ్ఞానం కలవాడు పెద్దగా ప్రయాస పడకుండానే మోక్షమార్గం చేరుకుంటాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. సంగీత సభల్లో ఈ మాట చెప్పకుండా వేదిక దిగిన ఉపన్యాసకుణ్ణి నేను చూడలేదు. బాగానే ఉంది. కాని పనసదుంగను తొలిచి, మైనం కరిగించి, మెట్లు నిలిపి, తీగలు బిగించి ఆ వీణను చేతికిచ్చినవాడికి ఏ మార్గమో స్మృతికర్త సెలవివ్వలేదు. మన సభల్లోనూ అదే వరస. వాయించినవారికి శాలువా, పక్కవాద్యాలవారికి శాలువా, మైకు పెట్టిన కుర్రవాడికి కూడా వందన సమర్పణలో ఒక మాట. వాద్యం ఎవరు చేశారన్న ప్రశ్న ఎవరికీ తట్టదు.

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఈ రెండు వర్గాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెడదామని అనిపించింది. ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉద్యోగం చేసిన మిత్రులకు ఇందులో కొన్ని సంగతులు తెలిసే ఉంటాయి. వారు కాస్త ఓపిక పట్టాలి.

బొబ్బిలి అనగానే మన మనసుకు ముందు తోచేది యుద్ధం. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేనలు, విజయనగరం బలగాలు కలిసి కోటను ముట్టడించడం, రంగారావు గారి మరణం, తాండ్ర పాపారాయుడి ప్రతీకారం బుర్రకథల ద్వారా ఊరూరా పాకిన కథలు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమా మిగిలినవారికి కూడా చెప్పేసింది. చిత్రమేమిటంటే, ఆనాడు కత్తులు దూసుకున్న ఈ రెండు సంస్థానాలూ తరువాతి కాలంలో వీణ విషయంలో ఒకదానికొకటి తోడయ్యాయి. వీణ చేసేవారు బొబ్బిలి పక్కన, వాయించేవారు విజయనగరంలో! మధ్య దూరం ముప్ఫై మైళ్ల పైచిలుకు.

బొబ్బిలిలో వీణల తయారీ 17వ శతాబ్దంలో, సంస్థాన స్థాపకులైన పెదరాయుడు గారి కాలంలోనే మొదలైందని చెబుతారు. ఆ పని నిలిచిన చోటు పట్టణం పక్కనే ఉన్న గొల్లపల్లి. అక్కడి సర్వసిద్ధి వంశంవారు తరతరాలుగా ఇదే వృత్తిలో ఉన్నారు. వారి వీణకు ఉన్న పేరు 'ఏకాండి' వీణ. అంటే కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనసదుంగలోంచి తీసినవి. అతుకు ఉండదు. తంజావూరులో ఏకాండంతోపాటు, భాగాలు విడివిడిగా చేసి అతికే 'ఒట్టు' వీణలు కూడా ఉన్నాయి. అతుకు ఉన్నంత మాత్రాన వీణ పనికిరాదని కాదు; పెద్ద విద్వాంసులు అలాంటివాటి మీదా అద్భుతంగా వాయించారు. కాని తీగ మీటినప్పుడు ఆ కంపనం కుండ నుంచి మెడ దాకా అడ్డు లేకుండా నడవాలంటే ఒకే కొయ్య మేలని చేసేవారి నమ్మకం. ఒకే కొయ్యలోంచి తీయడంలో ఒక చిక్కుంది. నాలుగడుగులు దాటిన దుంగలో ఎక్కడ పగులు కనిపించినా, ఎక్కడ ముడి ఉన్నా, అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మనం ఇప్పుడు చూస్తున్న ఇరవై నాలుగు మెట్ల వీణ అనాదిగా ఉన్నది కాదు. పూర్వపు వీణల్లో మెట్లు కదిలేవి. రాగం మారితే మెట్లు కూడా జరుపుకోవాలి. ఒక కచేరీలో నాలుగు రాగాలు వాయించాలంటే మధ్యలో ఎంత తతంగమో ఊహించుకోండి. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో 'స్వరమేళ కళానిధి' రాసి, వీణ మీద మెట్ల అమరిక గురించి వివరంగా చర్చించాడు. ఆ తరువాత తంజావూరు నాయక రాజు రఘునాథుడు, ఆయన ఆస్థానంలోని గోవింద దీక్షితులు కలిసి అన్ని రాగాలూ పలికేలా మెట్లు స్థిరంగా నిలిపిన వీణను రూపొందించారని సంప్రదాయం. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు కనుక ఈ వీణ మీద మనకూ కొంత హక్కు ఉందని అనుకోవచ్చు. గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి తన 'చతుర్దండి ప్రకాశిక'లో ఒకే రాగానికి పనికివచ్చే మేళాన్నీ, సర్వరాగాలకూ పనికివచ్చే మేళాన్నీ వేరువేరుగా వర్ణించాడు. స్థాయికి పన్నెండు మెట్లు, రెండు స్థాయిలకు ఇరవై నాలుగు. డెబ్భై రెండు మేళకర్తల లెక్క పుట్టింది ఆయన గ్రంథంలోనే. పన్నెండు మెట్లు కళ్ల ముందు కదలకుండా నిలబడ్డాక ఆ లెక్క కట్టడం తేలికైందని నా అభిప్రాయం. పండితులు ఒప్పుకుంటారో లేదో!

ఇక పనిలోకి వద్దాం. ముదిరిన పనసదుంగను ముందు బాడిసతో చెక్కి ముతక ఆకారం తెస్తారు. తరువాత ఉలితో కుండను లోపలినుంచి తొలుస్తారు. కుండ గోడ మరీ మందమైతే శబ్దం లోపలే చస్తుంది. మరీ పలచనైతే తీగల బిగువుకు వంగుతుంది, పగులుతుంది. ఎంత మందం ఉండాలన్నది వేలితో తట్టి, ఆ మోత విని నిర్ణయిస్తారు. పనస తేలికైన కర్ర, చెదపురుగుకు తొందరగా లొంగదు, తేమకు అంతగా మెలితిరగదు. అందుకే తంజావూరువారు, బొబ్బిలివారు ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు. కుండ మీద మూతలా పలక, రెండో చివర సింహతలాటం, దాని వెనక బిరడాలు. మెడ కింద ఉండే సొరకాయ బుర్ర ప్రధానంగా వీణ నిలవడానికి ఆసరా; నాదంలో దాని పాలు తక్కువే. పూర్వం నిజమైన సొరకాయే ఉండేది. ఇప్పుడు కాగితపు గుజ్జుతోనో ఫైబరుతోనో చేసినవి వస్తున్నాయి. అలంకారానికి ఒకప్పుడు ఏనుగు దంతం, దుప్పి కొమ్ము వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణల పుణ్యమా అని ఆ చోటును తెల్ల ప్లాస్టిక్ ఆక్రమించింది. ఏనుగులకు మంచిదే, వీణకు నష్టం లేదు. మొత్తం మీద ఒక వీణ పూర్తి కావడానికి ఇంచుమించు నెల పడుతుంది.

అసలు విద్య మాత్రం కొయ్యపనిలో కంటే 'మేళం కట్టడం'లో ఉంది. దండి మీద రెండు వైపులా మైనం గట్లు పోస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలుపుతారు. అందుకే అది నల్లగా ఉంటుంది. ఆ గట్ల మీద ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా, తీగ మీటుతూ, చెవితో వింటూ అమరుస్తారు. లెక్కప్రకారం చూస్తే ఇది ఎంత సున్నితమైన పనో తెలుస్తుంది. పలికే తీగ పొడవు 32 అంగుళాలు అనుకుందాం. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 16 అంగుళాల దగ్గర రావాలి. ఇరవై నాలుగో మెట్టు గుర్రానికి 8 అంగుళాల దూరంలో ఉండాలి. అంటే మొదటి పన్నెండు మెట్లకు 16 అంగుళాల జాగా ఉంటే, తరువాతి పన్నెండూ 8 అంగుళాల్లో సర్దుకోవాలి. మొదటి మెట్టు దాదాపు ఒకటిమ్ముప్పావు అంగుళం దూరంలో ఉంటే, చివరి రెండు మెట్ల మధ్య అర అంగుళం కూడా ఉండదు. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా అపశ్రుతి. పైగా ఒకే మెట్టు మీద సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తీగలూ శ్రుతిలో పలకాలి. ఒకటి ఉక్కుతీగ, ఒకటి ఇత్తడి తీగ. ఒకటి సన్నం, ఒకటి లావు. నాలుగింటినీ ఒప్పించి ఒక మెట్టును నిలపడం ఉమ్మడి కుటుంబం నడపడం లాంటిది. ఎవరికీ పూర్తి న్యాయం జరగదు, ఎవరికీ పెద్ద అన్యాయం జరగకూడదు.

ఇంత కష్టపడి మైనంలోనే ఎందుకు నిలపాలి, మేకులు కొడితే పోదా అని అడగవచ్చు. మెట్లు అరుగుతాయి. గమకం పలికించడానికి వైణికుడు తీగను మెట్టు మీద పక్కకు లాగుతాడు. ఒక్క మెట్టు మీదే తీగను లాగి పై స్వరాలు రెండు మూడు పలికించడం మామూలే. ఏళ్ల తరబడి అలా లాగితే ఇత్తడిలో గాళ్లు పడతాయి. అప్పుడు మెట్లు తీసి, ఆకురాయితో రాసి, మళ్లీ కూర్చాలి. మైనమైతే వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే బిగుస్తుంది. మళ్లీ మళ్లీ సరిచేసుకునే వీలుంది. వీణ ఒకసారి కొని పెట్టుకుంటే సరిపోయే వస్తువు కాదన్నమాట. వాయించినంత కాలం దానికి మేళం కట్టేవాడి అవసరం ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర దీనితో పని ఉంది.

వీణ కుండ మీద తీగలు ఆనే గుర్రం గురించి చెప్పేటప్పుడు సర్ సి.వి. రామన్ గారిని తలచుకోకుండా ఉండలేం. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది; తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. మన పెన్షనర్లకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. రామన్ గారు 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరి, పదేళ్లపాటు ప్రభుత్వ ఖాతాలు చూశారు. ఆఫీసు వేళలకు ముందూ వెనకా ప్రయోగశాలకు వెళ్లి వాద్యాల మీద పరిశోధన చేసేవారు. ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసినవాళ్లకు వేరే వ్యాపకం కుదరదని అనేవారికి ఇంతకంటే జవాబు ఏముంటుంది? 1917లో ఉద్యోగం వదిలి ఆచార్యులయ్యారు. 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద ఒక పత్రం ప్రచురించారు.

అందులో ఆయన తేల్చిన విషయం ఇది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర నిశ్చలంగా ఉండవలసిన ఉపస్వరాలు పుట్టవని పాశ్చాత్య శాస్త్రం చెప్పేది. సరిగ్గా మధ్యలో మీటితే సరిసంఖ్య ఉపస్వరాలు వినపడకూడదు. తంబురాలోనూ వీణలోనూ అవి స్పష్టంగా వినపడుతున్నాయి! కారణం గుర్రం. ఫిడేలులో తీగ సన్నని అంచు మీద ఆనుతుంది. మన వీణలో వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగిన లోహపు పలక మీద ఆనుతుంది. తీగ కంపించినప్పుడల్లా ఆ వంపును తాకుతూ, వదులుతూ ఉంటుంది. ఆ తాకిడి వల్ల లేని ఉపస్వరాలు కూడా పుట్టుకొస్తాయి. వీణ నాదంలో ఉండే ఆ నిండుదనం అక్కడిది. గొల్లపల్లిలో ఉలి పట్టినవారు రామన్ గారి పత్రం చదవలేదు. ఆ పలక వంపును ఆకురాయితో రాస్తూ, తీగ మీటి చూస్తూ, నాదం విచ్చుకునేదాకా సరిచేయడం వారికి తాతలనాటి నుంచీ తెలుసు.

వాయించినవారి దగ్గరకు వద్దాం. విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత పాఠశాల పెట్టారు. దివాణంలో పనిచేసే ఒక ఉద్యోగి చూపులేని తన కొడుకుకు సంగీతం చెప్పించమని కోరడం దానికి మూలకారణమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఫిడేలుకు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఆ ఊళ్లో వీణకు వాసా వేంకటరమణదాసు గారు. నాయుడు గారి ఫిడేలు గురించి వేరే వ్యాసమే కావాలి. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యాడన్నది ఒక్కటే ఇక్కడ చెప్పి ముందుకు వెళతాను. వేంకటరమణదాసు గారిది విజయనగరం వైణిక పరంపర. దక్షిణాదివారు గాత్రాన్ని అనుసరించి, తీగను సాగదీసి వాయించడంలో ప్రత్యేకత చూపితే, ఆంధ్ర బాణీవారు మీటు స్పష్టతకు, వేగానికి, తానానికి పేరు పొందారు. ప్రతి స్వరం ముత్యంలా విడిగా పలకాలంటే మెట్టుమెట్టుకూ శ్రుతి ఖచ్చితంగా కుదిరి ఉండాలి. అటువంటి బాణీ గొల్లపల్లికి అంత దగ్గరలో పెరగడం కాకతాళీయమని నేననుకోను.

గోదావరి వైపు పిఠాపురంలో రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు గారి ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారు ఉండేవారు. నిఘంటువు వేయించిన ఆ రాజావారే వీణనూ పోషించారు. రవీంద్రనాథ ఠాగూరు పిఠాపురం వచ్చినప్పుడు శాస్త్రిగారి వీణ విని ఎంతో మెచ్చుకొని, శాంతినికేతన్‌కు ఆహ్వానించారు. శాస్త్రిగారు అక్కడికి వెళ్లి కొంతకాలం వీణ నేర్పారు. ఒక తెలుగు వైణికుడు వంగదేశంలో విద్యార్థుల ముందు వీణ పెట్టుకొని కూర్చున్న ఆ దృశ్యాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

సంగమేశ్వరశాస్త్రి గారి సమకాలికులలో ఈమని అచ్యుతరామశాస్త్రి గారు ఒకరు. వారి కుమారులే ఈమని శంకరశాస్త్రి గారు. 1922లో ద్రాక్షారామంలో జన్మించారు. తండ్రి దగ్గర వీణ నేర్చి, మద్రాసులో జెమినీ స్టూడియోలో సంగీతశాఖలో పనిచేసి, తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృంద నిర్వాహకులయ్యారు. స్టూడియోలో ఉన్నప్పుడు పాశ్చాత్య వాద్యాలను దగ్గరగా చూశారు. ఢిల్లీలో హిందూస్తానీ విద్వాంసులతో కలిసి జుగల్‌బందీలు చేశారు. ఇన్ని నీళ్లు తాగినా ఆయన వీణ ఆంధ్ర వీణగానే మిగిలింది. అది నాకు ఆయనలో అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. 1974లో పద్మశ్రీ వచ్చింది. 1987 డిసెంబరులో కీర్తిశేషులయ్యారు. రేడియో ఉన్న ఇళ్లలో పెరిగిన మన తరంవారికి ఆయన పేరు ఇంట్లోవారి పేరు లాంటిదే.

శంకరశాస్త్రి గారి శిష్యులు చిట్టిబాబు గారు. 1936లో కాకినాడలో పుట్టారు. అసలు పేరు హనుమాన్లు. ఐదేళ్లప్పుడు తండ్రి రంగారావు గారు వీణ వాయిస్తూ ఒకచోట స్వరం తప్పితే, పిల్లవాడు సరిదిద్దాడని చెబుతారు. ఆ తండ్రి చెవి మెలిపెట్టకుండా వీణ చేతికిచ్చాడు. సంగీతలోకానికి అదే మేలయింది. 1948 ప్రాంతంలో కుటుంబం మద్రాసు చేరింది. సినిమాల్లో, మన సాలూరు ప్రాంతం నుంచే వెళ్లిన సాలూరి రాజేశ్వరరావు గారి వంటి సంగీత దర్శకుల దగ్గర ఎన్నో ఏళ్లు వీణ వాయించారు. 1964లో తమిళంలో వచ్చిన 'కలైకోవిల్' ఒక వైణికుడి కథ. అందులోని వీణ అంతా చిట్టిబాబు గారిదే. 1967లో మైసూరు మహారాజు జయచామరాజ వొడయార్ 'వైణిక శిఖామణి' బిరుదు ఇచ్చారు. 1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 1996 ఫిబ్రవరి 9న, అరవై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు.

ఆయన కోయిల కూతను వీణ మీద పలికించిన రచన గుర్తుందా? సంగీతం ఏమీ తెలియనివారు కూడా రేడియో దగ్గర ఆగిపోయేవారు. అది గారడీ అని పెదవి విరిచిన పండితులున్నారు. కోయిల కూతలో రెండు స్వరాల మధ్య ఒక జారుడు ఉంటుంది. హార్మోనియం మీద అది రాదు. మెట్టు మీద తీగను ఎంత లాగాలి, ఎప్పుడు వదలాలి అన్నది వేలికి తెలియాలి. లాగిన తీగ కింద మెట్టు మైనంలో ఇసుమంత కూడా కదలకూడదు. గారడీ అన్నవారు ఒకసారి ప్రయత్నించి చూడవలసింది.

ఈ గురుశిష్యులిద్దరూ వీణకు కాంటాక్టు మైకు తగిలించారన్నది మరో ఆక్షేపణ. మద్రాసులో వీణ ధనమ్మాళ్ గారు శుక్రవారం సాయంత్రాలు తన ఇంట్లో, చుట్టూ కూర్చున్న కొద్దిమంది రసికుల కోసం వాయించేవారు. క్షేత్రయ్య పదాలు ఆమె దగ్గరే వినాలని అనేవారు. గదిలో చిన్న అలికిడి అయినా వినపడనంత మృదువైన నాదం అది. 1938లో ఆమె పోయారు. ఆ గది పోయింది, వెయ్యిమంది కూర్చునే హాళ్లు వచ్చాయి. వెనక వరుసవాడికి వీణ వినపడాలంటే మైకు తప్పదు. నాదం కొంత మారుతుందన్నది నిజమే. అసలు వినపడకపోవడం కంటే ఇది నయమని నా పక్షం.

నూజివీడు గురించి ఒక మాట. ఆ ఊరు మామిడికే కాదు, వీణకు కూడా ప్రసిద్ధి. అక్కడ వీణలు చేసినది తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం. మహారాష్ట్రలోని మిరజ్‌లో తంబురాలు, సితార్లు చేసేవారూ ముస్లింలే. సరస్వతీదేవి చేతిలో ఉండే వాద్యాన్ని ఎవరు చెక్కారన్నది ఆ తల్లి ఎప్పుడూ అడిగినట్టు లేదు.

ఇప్పుడు గొల్లపల్లి సంగతి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది; తంజావూరు వీణకూ 2013లో వచ్చింది. అంటే ఆ పేరుతో మరొకచోట చేసినది అమ్మడానికి వీల్లేదు. గౌరవం దక్కింది, సంతోషం. కాని పెద్ద వీణకు గిరాకీ తక్కువ. నెల రోజులు ఒక వీణ మీద కూర్చుని, కొనేవాడి కోసం ఎదురుచూస్తే పొయ్యి వెలగదు. అందుకని అడుగు, అడుగున్నర పొడవు ఉండే చిన్న వీణలు చేయడం మొదలుపెట్టారు. లేపాక్షి దుకాణాల్లో గాజుపెట్టెలో కనిపించేవి అవే. సన్మానాల్లో, ప్రారంభోత్సవాల్లో, ముఖ్యంగా మన పదవీ విరమణ సభల్లో జ్ఞాపికగా ఇచ్చేవీ అవే. మన సభ్యుల్లో ఎంతమంది ఇళ్లలో టీవీ పక్కన ఆ బొమ్మ వీణ ఉందో లెక్క తీస్తే ఆశ్చర్యపోతాం. దాన్ని చూసి నవ్వుకోవలసిన పని లేదు. ఆ బొమ్మలే ఆ ఊళ్లో ఉలి చప్పుడు ఆగకుండా చూశాయి.

చిక్కు ఎక్కడంటే, బొమ్మ వీణకు మేళం కట్టనక్కర్లేదు. మెట్లు వరసగా అందంగా అతికిస్తే చాలు. చెక్కడం, నగిషీ చేయడం కుర్రవాళ్లకు పట్టుబడతాయి. చెవితో మెట్టు నిలపడం మాత్రం పెద్ద వీణలు మళ్లీ మళ్లీ చేతికి వస్తేనే అబ్బుతుంది. పది పెద్ద వీణలకు మేళం కట్టినవాడి చెవికీ, రెండింటికి కట్టినవాడి చెవికీ తేడా ఉంటుంది. పనస కర్ర ఖరీదైపోవడం, సరైన దుంగ దొరకకపోవడం కూడా బాధలే. అయినా కర్ర దొరకకపోతే మరో జిల్లా నుంచి తెప్పించుకోవచ్చు, చెవిని తెప్పించుకోలేం.

ఇందులో మనం చేయగలిగింది ఒకటి ఉంది. మన కాలంలో మధ్యతరగతి ఇళ్లలో ఆడపిల్లలకు వీణ నేర్పడం ఆనవాయితీ. పెళ్లిచూపుల్లో రెండు కీర్తనలు వాయించడం, పెళ్లయ్యాక గుడ్డ కప్పి అటక ఎక్కించడం కూడా అంతే ఆనవాయితీ. ఆ వీణల్లో చాలా భాగం ఇప్పటికీ అటకల మీదే ఉన్నాయి. మంచి రోజుల్లో, మంచి కర్రతో చేసినవి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి, మైనం ఎండి నెరలు విచ్చి ఉంటుంది. కుండకు పగులు లేకపోతే ఆ వీణ చావలేదు. పాత కర్ర ఎండే కొద్దీ నాదం పెరుగుతుందని చేసేవారే చెబుతారు. కొత్త వీణ ధరలో కొంత భాగంతో దానికి కొత్త మేళం కట్టించవచ్చు. మనవరాలు నేర్చుకుంటే సరే. లేకపోతే ఊళ్లోని సంగీత పాఠశాలకు ఇస్తే, కొనలేని ఒక పిల్లకు ఉపయోగపడుతుంది. ఈ ముసలితనంలో మనకెందుకీ బెడద అనుకోకండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు అటక వంక చూసే తీరిక ఎక్కడిది?

దింపేవారికి కొన్ని జాగ్రత్తలు. మెట్ల దగ్గర పట్టుకుని ఎత్తకూడదు. ఒక చేయి కుండ కింద, ఒక చేయి మెడ కింద ఉండాలి. తడిగుడ్డతో తుడవకూడదు, పొడిగుడ్డ చాలు. తుప్పు తీగలను బిగించి చూడబోతే తెగి కంటికి తగులుతాయి. ముందు బిరడాలు వదులు చేయాలి. ఎండ పడే కిటికీ పక్కన, కారు డిక్కీలో వేసవిలో పెట్టకూడదు, మిగిలిన మైనం కూడా కారుతుంది. లంగర్లు, గుర్రం మీది పలక, ఊడిన మెట్లు ఏవి దొరికినా పారేయకుండా ఒక సంచిలో వేసి వీణతోపాటు పంపాలి. పాత మెట్లు రాయించి మళ్లీ వాడతారు. పని చేయించేటప్పుడు వాయించే వ్యక్తి ఎవరో, ఏ శ్రుతికి కావాలో ముందే చెప్పాలి. వీలైతే ఆ వ్యక్తినే వెంట తీసుకువెళ్లి, మెట్లు నిలిపేటప్పుడు పక్కన కూర్చోబెట్టాలి. ఎండలు ముదరకముందే, సంక్రాంతికి అటూ ఇటూగా ఈ పని పెట్టుకుంటే మైనం బాగా బిగుస్తుంది.